నల్లగొండ ఫ్లోరోసిస్: బిగిసిన కీళ్ల వెనుక నీటి చరిత్ర

1. ఉపోద్ఘాతం

మానవ శరీరంలో ఎముకను ఎముకతో కట్టి ఉంచేవి సంధిబంధనాలు. వైద్యులు వీటిని లిగమెంట్లు అంటారు. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులను టెండన్లు అంటారు. ఎముకల కొనలను కప్పి రాపిడిని తగ్గించేది మృదులాస్థి. ఈ మూడూ తమ సహజగుణాన్ని నిలుపుకొన్నంతకాలమే మనిషి వంగగలడు, లేవగలడు, నాగలి పట్టగలడు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో తరతరాలుగా బావినీటిలోని ఫ్లోరైడు ఈ గుణాన్ని హరించింది. ఆ వ్యాధిపై సాగిన పరిశోధన ఎముకతో మొదలై నీటికి, ధాన్యానికి, కాలువకు, చివరకు ఎన్నికల బ్యాలెట్‌కు విస్తరించింది. నేటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. తొలి గుర్తింపు

తెలుగునేలపై ఈ వ్యాధిని మొదట పసిగట్టినవారు రైతులు. 1930ల ఆరంభంలో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు గ్రామాల్లో ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని వారు గమనించారు. 1937లో హెచ్. ఇ. షార్ట్, ఆయన సహపరిశోధకులు నెల్లూరు జిల్లా ప్రజల్లోని ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా వివరించారు. అంతవరకు వాతమనీ, కర్మమనీ భావించిన బాధకు తాగునీరే కారణమని దీనితో స్పష్టమైంది.

నిజాం పాలనలో ఉండిన నల్లగొండ వైద్యసాహిత్యంలోకి ఆ తరువాత ప్రవేశించింది. ఎ. హెచ్. సిద్దిఖీ ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై రాసిన పరిశోధన వ్యాసం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అదే నెల 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. రోగం ప్రపంచానికి తెలియడం, ఆ రోగచరిత్రను మలుపు తిప్పబోయే కాలువకు పునాది పడడం ఒకే నెలలో జరిగాయి.

3. కణజాలంలో జరిగే మార్పు

ఈ ప్రాంతపు గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. ఆ హద్దు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారి ఎముకలు సాంద్రమవుతాయి, కాని దృఢత్వాన్ని కోల్పోతాయి. సంధిబంధనాలలోను, స్నాయువులు ఎముకను పట్టుకొనే చోట్ల కాల్షియం పేరుకుంటుంది. ముంజేతిలోని రెండెముకల నడుమ ఉండే పలుచని పొర గట్టిపడడం ఎక్స్‌రేలో కనిపించే ముఖ్యమైన ఆనవాలు. వెన్నుపూసలను కలిపే బంధనాలు గట్టిపడితే నడుము కర్రలా బిగుస్తుంది. వెన్నుపాముపై ఒత్తిడి పెరిగినప్పుడు కాళ్లు చచ్చుబడతాయి. నాడీ శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి దీర్ఘకాలం పరిశోధించినది ఈ దశనే. తొలిదశలో కీళ్లనొప్పులే లక్షణాలు కావడంతో సాధారణ కీళ్లవాతంగా పొరబడే అవకాశం ఎక్కువ. బిగిసిన బంధనాలను మునుపటి స్థితికి తెచ్చే మందు లేదు.

4. కాలువ: వరమా, అనుమానమా?

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీరు విడుదల చేశారు. లాల్ బహదూర్ కాలువగా పిలిచే ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా ఖమ్మం వైపు సాగింది. మెట్టపంటల నేల వరిమాగాణి అయింది. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణమైంది. కాలువ ఎక్కని మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలు మాత్రం బోరునీటినే నమ్ముకొన్నాయి. ఒకే జిల్లాలో రెండు నీళ్లు, రెండు బతుకులు ఏర్పడ్డాయి.

అయితే కాలువ కథ అంత సూటిగా లేదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల యువతలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో నివేదించారు. ఆ సంస్థ పరిశోధన నీటి దగ్గర ఆగక జొన్నగింజ వరకు వెళ్లింది. జలాశయం, కాలువల ఊటతో భూగర్భజలం పైకి వచ్చి నేలలో క్షారగుణం పెరుగుతుందని, అక్కడ పండే జొన్నలో మాలిబ్డినం అధికమై శరీరంలోని రాగిని తరిమివేస్తుందని ఒక ప్రతిపాదన వెలువడింది. ఎముకకు, మృదులాస్థికి, బంధనాలకు ఆధారమైన కొల్లాజెన్ పోగులు గట్టిగా అల్లుకోవడానికి రాగి అవసరం. ఇది ప్రతిపాదనగానే నిలిచినా, దీని విలువ తక్కువ కాదు. వ్యాధి తీవ్రత నీటితోపాటు పేదవాని కంచంపైనా ఆధారపడుతుందన్న ఆలోచనను ఇది బలపరిచింది.

5. శుద్ధి పద్ధతి, నీటి ఉద్యమం

1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తొలగించే పద్ధతిని రూపొందించింది. నల్లగొండ టెక్నిక్ అన్న పేరుతో అది టాంజానియా, కెన్యా, ఇథియోపియాలకు చేరింది. జిల్లా పేరు ఖండాంతరం దాటినా జిల్లాలోని పల్లెలకు కృష్ణానీరు చేరలేదు.

ఈ వైరుధ్యం నుండి ఉద్యమం పుట్టింది. నేటి సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ జలసాధన సమితి ద్వారా పోరాటం సాగించారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలవడంతో పోలింగ్ వాయిదా పడింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. వంగలేని నడుముల గోడు దేశానికి వినిపించింది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థుల ధరావతు 500 రూపాయల నుండి 10,000కు పెరిగింది. తెలంగాణ ఏర్పడిన తరువాత మిషన్ భగీరథ శుద్ధిచేసిన నదీజలాన్ని ఇంటింటికీ చేర్చే పనిని చేపట్టింది.

6. ముగింపు

పై పరిశీలన మూడు అంశాలను నిరూపిస్తుంది. ఒకటి, నల్లగొండలో సంధిబంధనాల వ్యాధిచరిత్రను నీటిపంపిణీ చరిత్ర నుండి వేరుచేయలేము. రెండు, కాలువను కేవలం విమోచనగా చూడడం అసంపూర్ణం. నీటితోపాటు నేలను, తిండిని కలిపి చూసినప్పుడే వ్యాధి అర్థమవుతుంది. మూడు, నదీజలం రాబోయే తరాన్ని కాపాడగలదు గాని, ఇప్పటికే బిగిసిన కీళ్లను సడలించలేదు. 2019లో సూర్యాపేట, నల్లగొండ పట్టణాల్లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమయ్యాయి. పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చిన రోగుల మధ్యనే ఇప్పుడు వైద్యవిద్య ఉంది. కుళాయి తిప్పితే మంచినీరు వచ్చే ఇంట్లోనే, ఆ కుళాయి వద్దకు వంగలేని వృద్ధులు ఉన్నారు. వారికి నొప్పినివారణ, ఫిజియోథెరపీ, పోషకాహారం, పింఛను అందించడం ఈ చరిత్ర మిగిల్చిన బాధ్యత.