రెండో సిలిండర్ ఎవరి చేతిలో ఉంది? జర్మనీ గ్యాస్ స్టోరేజ్ కథ

మన ఇళ్లలో వంట మధ్యలో గ్యాస్ అయిపోతే అమ్మ పెద్దగా కంగారు పడదు. మూలన నిండు సిలిండర్ ఇంకోటి ఉంటుంది కదా. ఇప్పుడు ఒక్కసారి ఊహించుకోండి. ఆ రెండో సిలిండర్ మీ ఇంట్లోనే ఉంది, కానీ దాన్ని నింపాలా వద్దా అని డిసైడ్ చేసేది మీకు గ్యాస్ అమ్మేవాడే. జర్మనీ లాంటి దేశం సరిగ్గా ఇదే పరిస్థితిలో ఇరుక్కుంది. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

ముందు బేసిక్స్. పైప్‌లైన్‌లో గ్యాస్ ఏడాది పొడవునా ఇంచుమించు ఒకేలా వస్తుంది. కానీ యూరప్‌లో ఇళ్లు వెచ్చగా ఉంచడానికి చలికాలంలో వాడకం అమాంతం పెరిగిపోతుంది. అందుకే ఎండాకాలంలో మిగిలిన గ్యాస్‌ని దాచి, చలికాలంలో తీస్తారు. ఎక్కడ దాస్తారు? చాలావరకు భూమి లోపలే. గ్యాస్ తోడేసిన పాత బావుల కింద రాయి స్పాంజిలా ఉంటుంది. ఆ సన్నటి రంధ్రాల్లోకి గ్యాస్‌ని మళ్లీ పంప్ చేస్తారు. ఈ ఐడియా కొత్తదేం కాదు. 1915లోనే కెనడాలోని వెల్లండ్ దగ్గర మొదలుపెట్టారు.

జర్మనీలో అలాంటి చోటు పేరు రేడెన్. నేలకి దాదాపు 2 కిలోమీటర్ల లోతులో సుమారు 400 కోట్ల క్యూబిక్ మీటర్ల గ్యాస్ పడుతుంది. అంటే 20 లక్షల ఇళ్లకి ఏడాదికి సరిపోయేంత. దేశం మొత్తం స్టోరేజ్‌లో ఇదొక్కటే దాదాపు ఐదో వంతు.

అసలు ట్విస్ట్ 2015లో ఉంది. జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్, రష్యా ప్రభుత్వ సంస్థ గాజ్‌ప్రోమ్ ఆస్తులు మార్చుకున్నాయి. బీఏఎస్ఎఫ్‌కి సైబీరియా గ్యాస్ బావుల్లో వాటా వచ్చింది. గాజ్‌ప్రోమ్‌కి జర్మనీలోని గ్యాస్ వ్యాపారంతో పాటు రేడెన్ కూడా దక్కింది. ఇది రష్యా క్రిమియాని కలుపుకున్న తర్వాతి ఏడాది! అయినా డీల్ పూర్తయింది. వ్యాపారం వ్యాపారమే, రాజకీయం రాజకీయమే అనుకున్నారు.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నా భాషలో చెప్తా. బ్యాకప్ సర్వర్ ఉంది, కానీ దాని పాస్‌వర్డ్ ఎవరి వల్ల మెయిన్ సర్వర్ ఆగిపోవచ్చో వాళ్ల దగ్గరే ఉంది.

2021 చలికాలం మొదలయ్యేసరికి రేడెన్‌లో 10 శాతం కూడా గ్యాస్ లేదు. ఆ ఏడాది ధరలు పెరిగాయి కాబట్టి మిగతా కంపెనీలు కూడా తక్కువే నింపాయి, అది నిజమే. కానీ 2022 జనవరిలో అంతర్జాతీయ ఇంధన సంస్థ అధిపతి ఫాతిహ్ బిరోల్ ఒక లెక్క బయటపెట్టారు. ఈయూ స్టోరేజ్‌లో గాజ్‌ప్రోమ్ వాటా 10 శాతమే, కానీ నిల్వల లోటులో సగం దానిదే. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, గాజ్‌ప్రోమ్ ఇక్కడ ఏ రూల్ దాటలేదు. కనీసం ఇంత నింపాలి అనే చట్టం జర్మనీలో అసలు లేనే లేదు!

ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. అప్పటికి జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. ఏప్రిల్‌లో గాజ్‌ప్రోమ్ జర్మన్ విభాగాన్ని ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. అదే నెల చివర్లో కొత్త చట్టం వచ్చింది. అక్టోబర్ 1కి 80 శాతం, నవంబర్ 1కి 90 శాతం నింపి తీరాలి.

నింపారు. కానీ ఏ రేటుకి? ఆగస్టులో యూరప్ మార్కెట్‌లో ధర మెగావాట్ అవర్‌కి 300 యూరోలు దాటింది. 2021కి ముందు చాలా ఏళ్లు అది 30 లోపే ఉండేది. ఆ ఖర్చు రాబట్టడానికి అక్టోబర్ నుంచి గ్యాస్ బిల్లుల మీద ప్రత్యేక రుసుము వేశారు. అంటే చౌకగా ఉన్నప్పుడు కట్టని ప్రీమియం, ఇల్లు అంటుకున్నాక జనం కట్టారు.

నవంబర్ మధ్యకి జర్మనీ స్టోరేజ్‌లు దాదాపు 100 శాతం నిండాయి. చలికాలం గట్టెక్కింది. క్రెడిట్ మొత్తం స్టోరేజ్‌దే అనను. అన్నీ నిండినా అది ఏడాది వాడకంలో పావు వంతే. జనం పొదుపుగా వాడారు, నార్వే గ్యాస్ వచ్చింది, చలి కూడా కాస్త కనికరించింది. స్టోరేజ్ ఇచ్చేది టైమ్. వేరే దారి వెతుక్కునే టైమ్.

మరి మన సంగతి? విశాఖలో రాతి గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు, పక్కనే 60 వేల టన్నుల ఎల్పీజీ దాచే ఏర్పాటు ఉంది. కానీ సహజవాయువుకి అలాంటి భూగర్భ నిల్వ మన దేశంలో ఇంకా లేదు. వాడేదాంట్లో దాదాపు సగం దిగుమతే. ఎరువుల ఫ్యాక్టరీ నుంచి ఇంటి పైప్ గ్యాస్ దాకా అందరికీ అదే కావాలి.

రేపు మనం కూడా కడతాం అనుకుందాం. అప్పుడు ఎంత పెద్దది కట్టారని అడిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి. నింపే బాధ్యత ఎవరిది? నింపకపోతే అడిగేదెవరు? 2015లో జర్మనీ ఈ రెండూ అడగలేదు.