రహీం సాబ్ ఊరికి వచ్చిన స్పెయిన్ ఆట

మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు సెమీఫైనల్ ఆడింది 1956 డిసెంబరులో. 2026 డిసెంబరుకు 70 ఏళ్లు. ఆసియా దేశమేదీ అంతకుముందు ఒలింపిక్స్‌లో ఆ మెట్టు ఎక్కలేదు. జట్టును అక్కడిదాకా తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వాడు, వృత్తికి బడిపంతులు. అందరికీ రహీం సాబ్.

2026 జూన్‌లోనే ప్రపంచకప్ కూడా. మా రావులపాలెం కుర్రాళ్ల నోట మెస్సీ, రొనాల్డోల తర్వాత వినబడేవి స్పెయిన్ పేర్లే. అందులోనూ మిడ్‌ఫీల్డర్లవి. గోల్ కొట్టేవాడి వెనక, గోల్ ఆపేవాడి ముందు, మైదానం నడిమధ్యలో ఉండి ఆటంతా తన కాలి మీద తిప్పేవాడే మిడ్‌ఫీల్డర్. 2010 జోహన్నెస్‌బర్గ్ ఫైనల్లో 116వ నిమిషాన గోల్ కొట్టి స్పెయిన్‌కు కప్పు తెచ్చిపెట్టిన ఇనియెస్టా ఆ కోవలోని వాడు. అలాంటి స్పెయిన్ మిడ్‌ఫీల్డర్లు కొందరు మన తెలుగు నేల పేరున్న జెర్సీ తొడుక్కుని ఆడారని ఎంతమందికి గుర్తుందో! వాళ్ల కథ చెప్పాలంటే ముందు రహీం సాబ్ దగ్గరికి వెళ్లాలి.

ఆయన కన్నా ముందు, సికిందరాబాద్‌లో 1806లో కంటోన్మెంటు వెలిసింది. తెల్లసిపాయిలతో పాటు బంతీ వచ్చింది. పల్టన్ల ఆట చూసి చుట్టుపక్కల పిల్లలు నేర్చుకున్నారు, పోలీసులు జట్టు కట్టారు. మా గోదావరి పల్లెల్లో కోతలయ్యాక కబడ్డీ, వాలీబాల్ ఆడుకుంటుంటే, అక్కడి బస్తీల్లో వట్టికాళ్లతో బంతి తన్నేవారు. శతాబ్దం పైచిలుకు కథను ఈ నాలుగు ముక్కల్లోనే దాటేస్తున్నాను.

రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసులదే. ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కడే ఉరకడం నిషేధిస్తూ పోటీలు పెట్టేవారు. అందిన బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలనే పోటీలూ నడిపారు. పొట్టి పాసు, ఖాళీ వెతుక్కుంటూ పరుగు, మళ్లీ పాసు. అర్ధశతాబ్దం తర్వాత స్పెయిన్ ఈ తరహా ఆటతోనే 2008లో యూరో, 2010లో ప్రపంచకప్, 2012లో మళ్లీ యూరో గెలిచింది. స్పెయిన్ వాళ్లు రహీం దగ్గర నేర్చుకున్నారని అనను. కానీ ఆ విద్య మనకు కొత్తది కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకూ ఆయనే కోచ్. మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. ఆయన ఆట కూడా ఆయనతోనే చాలావరకు పోయింది.

ఇక నాకెంతో ఇష్టమైన ఘట్టం.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. మొదటి ఏడాది పది జట్లలో పదో స్థానం. సొంత మైదానం గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. మా గౌతమి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకర్ అయిన బాలయోగి గారి పేరు ఆ గేటు మీద చూస్తే కోనసీమ వాడికి ఛాతీ పొంగుతుంది.

2020లో బార్సిలోనాకు చెందిన మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. ఆయన జట్టులో మిడ్‌ఫీల్డర్ లూయిస్ సాస్త్రే ఒకడు. మల్లోర్కా దీవిలో పుట్టి, బార్సిలోనా క్లబ్బు యువజట్లలో ఆట నేర్చి, హుయెస్కా, వయాదోలిద్ క్లబ్బులకు ఆడి, సైప్రస్ మీదుగా 34 ఏళ్ల వయసులో మన జట్టుకు వచ్చాడు. అనుభవం పండిన కాలు. పక్కన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రాళ్లు. కానీ అది కరోనా కాలం. లీగ్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ఖాళీ గ్యాలరీల మధ్య జరిగాయి. సీజనంతా హైదరాబాద్ పేరు గుండెల మీద మోసిన సాస్త్రే ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో ఆడలేదు. జట్టు అయిదో స్థానంలో నిలిచింది.

మరుసటి ఏడాది ఎదూ గార్సియా వచ్చాడు. 1990లో జరగోజాలో పుట్టాడు, 2017లో బెంగళూరు జట్టుతో భారత్‌లో అడుగుపెట్టాడు. కొన్నాళ్లు చైనాలో ఆడి తిరిగొచ్చి కలకత్తా జట్టులో చేరాడు. 2020 మార్చి 14న గోవాలోని ఫతోర్దా మైదానంలో, మనుషులు లేని స్టేడియంలో, లీగ్ ఫైనల్లో గోల్ కొట్టి కప్పు ఎత్తాడు. హైదరాబాద్ జెర్సీలో అతనికీ గోవాయే దక్కింది.

ఆ 2021-22 సీజన్లో లీగ్ దశ ముగిసేసరికి హైదరాబాద్‌ది రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో దాటింది. ఫైనల్ 2022 మార్చి 20న, మళ్లీ ఫతోర్దాలో. చాలాకాలానికి జనాన్ని లోపలికి రానిచ్చారు. వచ్చినవాళ్లలో అత్యధికులు ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్ అభిమానులు, పసుపు చొక్కాలతో గ్యాలరీని నింపేశారు. తమాషా ఏమిటంటే, నిబంధన ప్రకారం ఆ రోజు పసుపు హైదరాబాద్‌కు దక్కింది, కేరళ జట్టు నలుపు వేసుకుంది. తమ రంగు తొడుక్కున్న ఎదుటి జట్టును చూస్తూ జనం కేకలేశారు.

68వ నిమిషాన కేరళ ఆటగాడు రాహుల్ కేపీ గోల్. స్టేడియం ఊగిపోయింది. 88వ నిమిషం దాకా హైదరాబాద్ వెనకబడే ఉంది. అప్పుడు పెనాల్టీ పెట్టె బయట గాలిలో దిగుతున్న బంతిని, బెంచి మీంచి వచ్చిన సాహిల్ తవోరా నేల తాకనివ్వకుండా తన్నాడు. వల కదిలింది. 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు.

పెనాల్టీలు. మన గోల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ తన్నింది ఆపాడు. నిషూ కుమార్ తన్నింది ఆపాడు. రిఫరీ మళ్లీ తన్నమన్నాడు. కట్టిమణి మళ్లీ ఆపాడు! మన సివేరియో తన్నిన బంతి గోల్ పైనుంచి పోయింది. జీక్సన్ సింగ్ తన్నింది కూడా కట్టిమణి చేతికే. చివరి తన్ను మన హాలిచరణ్ నర్జారీది. 3-1. తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవా వాళ్లే. తమ సొంత మైదానంలో, సొంత గడ్డ మీద, హైదరాబాద్‌కు కప్పు గెలిచి ఇచ్చారు. ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా సొంతూళ్లో ఆడని జట్టు దేశ చాంపియన్ అయింది. ఇప్పటికీ ఆ పెనాల్టీలు పెట్టుకు చూస్తే నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

తర్వాత కథ చకచకా చిక్కుపడింది. 2022లో కానరీ దీవుల ఎడమకాలి మిడ్‌ఫీల్డర్ బోర్హా హెరేరా వచ్చాడు. ఎట్టకేలకు బాలయోగి స్టేడియంలో జనం ముందు ఆట జరిగింది, జట్టు రెండో స్థానంలో నిలిచింది. 2023లో మార్కెజ్ గోవాకు వెళ్లారు, హెరేరా కలకత్తాకు వెళ్లి అక్కణ్నుంచి గోవా చేరాడు. జీతాల బకాయిల గొడవలు, విదేశీ ఆటగాళ్ల నిష్క్రమణ, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం. 2023-24లో హైదరాబాద్‌కు దక్కింది ఒకే ఒక్క విజయం, ఆఖరి స్థానం. చాంపియన్ అయిన రెండేళ్లకే! 2025 మేలో భువనేశ్వర్‌లో సూపర్ కప్ ఫైనల్లో అదే హెరేరా మార్కెజ్ కోచింగ్‌లో గోవాకు రెండు గోల్స్ కొట్టి కప్పు గెలిపించాడు. ఆ ఏడాది చివర హైదరాబాద్ క్లబ్బు యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేసింది. ఇక తెలుగు నేల మీది మరో జట్టు, మొదట విశాఖ పేరుతో లైసెన్సు పొందిన శ్రీనిధి దక్కన్, రెండో అంచె పోటీ అయిన ఐ-లీగ్‌లో వరసగా రెండేళ్లు రెండో స్థానంలో నిలిచినా మొదటి మెట్టు అందలేదు.

విదేశాల నుంచి మిడ్‌ఫీల్డర్‌ను కొనుక్కోవచ్చు, కోచ్‌నూ కొనుక్కోవచ్చు. యజమాని మారితే వాళ్లతో పాటు జట్టూ పోతుందని హైదరాబాద్ చూపించింది. రహీం సాబ్ తయారు చేసినవాళ్లు బస్తీ పిల్లలు, పోలీసు కానిస్టేబుళ్లు. వాళ్లను ఏ ఢిల్లీకీ ఎవరూ తరలించలేకపోయారు. మన కోనసీమ హైస్కూళ్ల వ్యాయామ ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఈ వేసవి సెలవులయ్యాక మీ స్కూల్లో ఒక పోటీ పెట్టండి. బంతితో ఎవరూ ఒంటరిగా ఉరకకూడదు, అందగానే పక్కవాడికి ఇవ్వాలి, అన్న షరతుతో. దానికి ఒక బంతి, నాలుగు కర్రలు చాలు.