భాగవతులు

‘భగవత్’ నుంచి భాగవతం, భగవంతుణ్ణి నమ్ముకున్న భక్తుడు భాగవతుడు. నిఘంటువు చెప్పేది అంతవరకే. కృష్ణా జిల్లాకు వచ్చేసరికి ఆ భక్తుడు ముఖానికి రంగు పూసుకుని కాలికి గజ్జె కట్టాడు. ‘భాగవతం ఆడుతున్నారు’ అంటే ఇక్కడ పురాణ పఠనం కాదు, దేవుడి కథను తెల్లవార్లూ ఆడడం.

మొవ్వ దగ్గరి కూచిపూడిలో ఇది కుటుంబాల పని. వేదాంతం, వెంపటి, చింతా వారి ఇళ్లలో ఒకప్పుడు మగవాళ్లే సత్యభామలు. గుడి ముందు ఆరుబయలే రంగస్థలం, ఇద్దరు పట్టుకున్న గుడ్డే తెర. కాగడా మీద గుగ్గిలం చల్లితే భగ్గున వెలుగు! ఆ తెర మీదుగా భామ జడ వేసిందంటే పండితులకు సవాలే. సత్యభామ కథను ఆడే ఈ భామాకలాపాన్ని సిద్ధేంద్రయోగి కూర్చాడంటారు.

భాగవతులకు భక్తి ఒక్కటే పని కాదు. సిద్ధవటం సీమను ఏలిన సంబెట గురవరాజు అకృత్యాలను విజయనగర రాజు వీరనరసింహరాయల ఎదుట వేషం కట్టి చూపించారని మాచుపల్లి కైఫీయతు (గ్రామ చరిత్ర) చెబుతోంది. ఫిర్యాదుకు ఇంతకన్నా మంచి అర్జీ ఉంటుందా?

తమిళంలో ఈ మాట ‘భాగవతర్’ అయి, పాటగాడికీ హరికథకుడికీ బిరుదైంది. తంజావూరు దగ్గరి మేలట్టూరులో మాత్రం నృసింహ జయంతికి భాగవతమేళా నాటకాలను ఇప్పటికీ తెలుగులోనే ఆడుతున్నారు.