వాడిన కంప్యూటర్లకు పునర్వినియోగం – ఫ్రీ గీక్ సంస్థ చూపిన మార్గం

(ప్రత్యేక వ్యాసం)

కార్యాలయాలు, విద్యా సంస్థలు కొన్నేళ్ల వినియోగం అనంతరం పక్కన పెట్టే కంప్యూటర్లలో పనికివచ్చేవి అనేకం ఉంటాయి. మరోవైపు కంప్యూటర్ కొనుగోలు చేసే స్థోమత లేని కుటుంబాలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం మన దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు గ్రామీణ ప్రాంతాల్లో 4.4 శాతం, పట్టణ ప్రాంతాల్లో 23.4 శాతం మాత్రమే. ఇటువంటి అంతరాన్ని తగ్గించేందుకు వాడిన కంప్యూటర్లను బాగుచేసి ప్రజలకు అందించే విధానాన్ని రూపొందించిన లాభాపేక్ష లేని సంస్థలలో అమెరికాకు చెందిన ఫ్రీ గీక్ ప్రముఖమైనది.

శ్రమకు ప్రతిఫలం

ఫ్రీ గీక్ 2000 సంవత్సరంలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో ప్రారంభమైంది. ప్రజలు, సంస్థలు ఇచ్చిన పాత పరికరాలను స్వచ్ఛంద కార్యకర్తలు విడదీసి, పరీక్షించి, పనికివచ్చే భాగాలతో తిరిగి కంప్యూటర్లు తయారు చేసేవారు. 24 గంటల స్వచ్ఛంద సేవ పూర్తి చేసిన వారికి ఒక కంప్యూటర్ ఇచ్చే పథకాన్ని సంస్థ తొలినాళ్లలో అమలు చేసింది. మరొక పథకం కింద ఇతరుల కోసం ఐదు కంప్యూటర్లు తయారు చేసిన వారు ఆరవ దానిని తమ వెంట తీసుకువెళ్లేవారు. కంప్యూటర్ పొందిన వ్యక్తికి దాని నిర్మాణం, మరమ్మతులపై అవగాహన కూడా కలగడం ఈ పథకం ప్రత్యేకత. అనంతర కాలంలో షికాగో, కెనడాలోని వాంకోవర్ వంటి నగరాలలోనూ ఇదే పేరుతో సంస్థలు ఏర్పడ్డాయి.

సమాచార భద్రత ప్రధానం

పాత కంప్యూటర్లను ఇవ్వడానికి కార్యాలయాలు వెనుకాడటానికి ముఖ్య కారణం వాటిలోని సమాచారం. ఫైళ్లను తొలగించినంత మాత్రాన హార్డ్ డిస్క్‌లోని సమాచారం పూర్తిగా చెరిగిపోదు. ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తాన్ని చెరిపివేసి, ఫలితాన్ని సరిచూసి, నమోదు చేయవలసి ఉంటుంది. అలా చెరపడానికి వీలులేని డిస్కులను భౌతికంగా ధ్వంసం చేయాలి. ఈ దశ దాటిన తర్వాతే ర్యామ్, విద్యుత్ సరఫరా విభాగం, బ్యాటరీ తదితర భాగాలను పరీక్షిస్తారు. పనికిరాని వాటిని శాస్త్రీయంగా శుద్ధి చేసే కేంద్రాలకు పంపుతారు. పాత గాజు మానిటర్లలో సీసం, కొన్ని తెరల దీపాలలో పాదరసం ఉన్నందున ఈ జాగ్రత్త తప్పనిసరి.

సాఫ్ట్‌వేర్ సమస్యకు పరిష్కారం

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బాగా పనిచేస్తున్నప్పటికీ విండోస్ 11 అర్హతలు లేని కంప్యూటర్లు తుక్కుగా మారే ప్రమాదం దీనితో ఏర్పడింది. ఫ్రీ గీక్ తొలి నుంచి లినక్స్ ఆధారిత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వినియోగించి లైసెన్సు వ్యయాన్ని నివారించింది. ఇటువంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చేందుకు హైదరాబాద్ కేంద్రంగా గల స్వేచ్ఛ సంస్థ కృషి చేసిన విషయం ఇక్కడ గమనార్హం.

చట్టం ఏమి చెబుతోంది

ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు ఉత్పన్నం కాగా, పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల (నిర్వహణ) నియమాలు, 2022 పరికరాలను పునరుద్ధరించే వారిని ప్రత్యేక వర్గంగా గుర్తించాయి. వీరు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా నియమాల పరిధిలోని 1,000 లేదా అంతకు మించిన పరికరాలు వినియోగించిన సంస్థలు తమ ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారులు, పునరుద్ధరణదారులు లేదా రీసైక్లర్లకు మాత్రమే అప్పగించాలి.

పరీక్షించని యంత్రాలను దానం పేరిట పాఠశాలలకు తరలిస్తే వ్యర్థాల భారం ఇచ్చేవారి నుంచి పుచ్చుకునేవారికి మారుతుందే తప్ప ప్రయోజనం ఉండదు. సమాచార భద్రత, నాణ్యత పరీక్ష, వినియోగంపై శిక్షణ, మరమ్మతు సదుపాయం - ఈ నాలుగూ సమకూరినప్పుడే పాత కంప్యూటర్ విద్యార్థికి నిజంగా ఉపయోగపడే సాధనం అవుతుంది.