మీ వీధి నెట్ వెనక 30 ఏళ్ల కథ: కేబుల్ అన్న ఇంటర్నెట్ ఆపరేటర్ ఎలా అయ్యాడు?

"మీ ప్లాన్ స్పీడ్ పెంచాం." "రేపు మెయింటెనెన్స్, రెండు గంటలు సర్వీస్ ఉండదు." "పాత బాక్స్ తీసేసి ఫైబర్ బాక్స్ పెడతాం." మీ ఇంటి నెట్ లోకల్ ఆపరేటర్‌దైతే ఇలాంటి మెసేజ్‌లు చూసే ఉంటారు. చదివి స్వైప్ చేసేస్తాం కదా! కానీ ఒక్కో మెసేజ్ వెనక పెద్ద హిస్టరీ ఉంది. ఈరోజు పెద్ద కంపెనీల కథ పక్కన పెట్టి, మన వీధిలో నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కే కేబుల్ అన్న కథ చెప్పుకుందాం.

1995 ఆగస్టుకి వెళ్దాం. ఆ నెల 15న వీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ సంస్థ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలుపెట్టింది. ముందు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు లాంటి పెద్ద నగరాల్లోనే. స్పీడ్ 9.6 కేబీపీఎస్. ఎంబీపీఎస్ కాదు, కేబీపీఎస్! బొమ్మలతో వెబ్ చూడగలిగే అకౌంట్ కావాలంటే ఏడాదికి 250 గంటలకు 15,000 రూపాయలు. ఆ రోజుల్లో అది చాలామందికి కొన్ని నెలల జీతం.

సరిగ్గా పన్నెండు రోజుల తర్వాత, ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. దీనికీ నెట్‌కీ ఏంటి సంబంధం అంటారా? చాలా ఉంది. ఆ నెలలో ఇంటర్నెట్ మన ఊళ్లకు రాలేదు. టీవీ మాత్రం వచ్చింది. ఎలా? ఊళ్లో ఒకాయన డాబా మీద పెద్ద డిష్ పెట్టి, అక్కడి నుంచి ఇంటింటికీ నల్ల వైరు లాగాడు. అదే ఏడాది కేబుల్ టీవీ చట్టం వచ్చింది. దాని ప్రకారం అప్పట్లో కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ ఎక్కడ చేసుకోవాల్సి వచ్చేదో తెలుసా? పోస్టాఫీసులో! పాత రోజుల్లో రేడియో లైసెన్సులు కూడా పోస్టాఫీసులోనే ఇచ్చేవారు.

ఆ నల్ల వైరు గుర్తుపెట్టుకోండి, మన కథకు హీరో అదే.

1998 నవంబరులో ప్రభుత్వం ప్రైవేట్ ఇంటర్నెట్ కంపెనీలకు తలుపులు తెరిచింది. లైసెన్సులు మూడు రకాలు. ఏ కేటగిరీ అంటే దేశమంతా. బీ అంటే ఒక టెలికాం సర్కిల్ లేదా పెద్ద నగరం. సీ అంటే సుమారు ఒక జిల్లా అంత ఏరియా. మొదటి కొన్నేళ్లు లైసెన్సు ఫీజు మాఫీ, ఆ తర్వాత నామమాత్రంగా ఏడాదికి ఒక్క రూపాయి. అంటే జిల్లా స్థాయిలో కూడా ఒకరు ఇంటర్నెట్ కంపెనీ పెట్టుకోవచ్చన్న ఆలోచన అప్పుడే ఉంది. అలాంటి కంపెనీ దగ్గర ఫ్రాంచైజీ తీసుకుని, తన వీధుల్లో కనెక్షన్లు ఇచ్చే మనిషిగా కేబుల్ అన్న ఈ బిజినెస్‌లోకి వచ్చాడు. ఎందుకంటే ఏ ఇల్లు ఎక్కడుందో, ఏ డాబా మీంచి వైరు వెళ్తుందో, ఏ ఇంటాయన ఒప్పుకుంటాడో తెలిసింది ఆయనకే.

ఇప్పుడు టెక్నికల్ పాయింట్‌కి వద్దాం. చాలా ఊళ్లలో మొదట ల్యాన్ వైరు లాగారు, ఆఫీసుల్లో కంప్యూటర్లకు పెట్టేదే. అది 100 మీటర్ల వరకే పని చేస్తుంది. తర్వాత మధ్యలో ఒక స్విచ్ బాక్స్ పెట్టాలి. దానికి కరెంటు కావాలి, అది ఎవరో ఒకరి ఇంట్లోంచి తీసుకోవాలి. ఆ ఇంట్లో కరెంటు పోతే వీధంతా నెట్ పోతుంది! వానాకాలం పిడుగు పడితే స్విచ్‌లో పోర్టులు కాలిపోతాయి. "నెట్ ఎప్పుడొస్తుందన్నా?" అని ఫోన్ చేస్తే "పొద్దున చూస్తా" అనే సమాధానం వెనక ఇంత కథ ఉండేది.

ఫైబర్ వచ్చాక ఇది మారింది. జీపాన్ అనే టెక్నాలజీలో ఒక్క గాజు తీగ నుంచి 32 లేదా 64 ఇళ్లకు లైన్ పంచవచ్చు. దూరం 20 కిలోమీటర్ల దాకా ఓకే. దారి మధ్యలో కరెంటు అవసరమే లేదు. మనం ఫైబర్ అంటే స్పీడ్ అనుకుంటాం. చిన్న ఆపరేటర్‌కు మాత్రం దాని అసలు లాభం ఇది: రాత్రి పదింటికి స్తంభం ఎక్కే పని తగ్గింది.

ఇంకో మార్పు మీకు కనబడకుండా జరిగింది. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లు మాత్రమే. 2011 ఏప్రిల్ 15న మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు స్టాకు చివరి భాగానికి చేరింది. ఆ రోజు నుంచి ఆ భాగంలోంచి ఒక్కో సంస్థకు గరిష్ఠంగా 1,024 అడ్రసులే ఇచ్చారు. 2019లో దాన్ని 512 చేశారు. ముందే వచ్చిన పెద్ద కంపెనీల దగ్గర లక్షల్లో ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన చిన్న ఆపరేటర్ ఐదు వేల ఇళ్లను 512 అడ్రసుల మీద నడపాలి. అందుకే ఒకే అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతాడు. దాని ఫలితం ఏంటంటే, మీ ఇంటి సీసీ కెమెరా బయటి నుంచి నేరుగా ఓపెన్ కాదు. "మీరు రోబో కాదని నిరూపించండి" అని వెబ్‌సైట్లు మాటిమాటికీ అడుగుతాయి. తప్పు మీ ఆపరేటర్‌ది అనుకుంటాం, కానీ ఆయన క్యూలో లేటుగా నిలబడ్డాడంతే. దీనికి అసలు మందు ఐపీవీ6. మీ కనెక్షన్‌లో అది ఉందో లేదో ఒకసారి అడగండి.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. మొబైల్ డేటా రేటు ఒక్కసారిగా పడిపోయింది. చిన్న ఆపరేటర్లు కూడా ధర తగ్గించాలి, లిమిట్లు ఎత్తేయాలి, స్పీడ్ పెంచాలి. ఆ టైమ్‌లో మీకొచ్చిన "అన్‌లిమిటెడ్" మెసేజ్‌ల వెనక ఈ ఒత్తిడి ఉంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. మొదట్లో బేసిక్ ప్లాన్ 149 రూపాయలు, నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి. ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా ఊళ్ల దాకా వచ్చింది. మరి స్తంభం నుంచి ఇంటి దాకా ఎవరు? మళ్లీ కేబుల్ అన్నే!

2018 అక్టోబరులో ఇంకా ఇంట్రెస్టింగ్ విషయం జరిగింది. రిలయన్స్ సంస్థ డెన్, హాత్‌వే అనే రెండు కేబుల్ కంపెనీల్లో మెజారిటీ వాటాలు కొంటామని ప్రకటించింది. డెన్‌కు 2,290 కోట్లు, హాత్‌వేకు 2,940 కోట్లు. ఈ రెండింటితో కలిసి పనిచేసే లోకల్ ఆపరేటర్లు 27,000 మంది అని అప్పుడే చెప్పింది. ఆలోచించండి. అంత డబ్బున్న కంపెనీకి కూడా ఇంటి గుమ్మం దాకా వెళ్లే చివరి వంద మీటర్ల కోసం ఈ 27,000 మంది కావాల్సి వచ్చారు.

ఇన్నేళ్లలో వైరు మారింది, స్పీడ్ మారింది, పైన కంపెనీ పేరు మారింది. చివరి వంద మీటర్ల మనిషి మారలేదు. కానీ ఆ వంద మీటర్లలో ఆయనకు సొంతమైనది చాలా తక్కువ. స్తంభం కరెంటు వాళ్లది, లైసెన్సు కంపెనీది, రేటు మార్కెట్‌ది.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపులో కరెంటు షాక్ కొట్టి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించడం మొదలైంది, చాలా ఏరియాల్లో నెట్ ఆగిపోయింది. భద్రత ముందు, అందులో డౌటే లేదు. గుత్తులు గుత్తులుగా వేలాడే వైర్లు ప్రమాదమే, వాటిని అలా వదిలేసిన వాళ్లలో ఆపరేటర్లూ ఉన్నారు. కానీ భూమిలోంచి లైన్ వేసుకోవాలంటే రోడ్డు తవ్వడానికి పర్మిషన్, డబ్బు కావాలి. పెద్ద కంపెనీ ఆ ఖర్చు తట్టుకుంటుంది. 500 కనెక్షన్ల కేబుల్ అన్న తట్టుకోగలడా? అందరికీ కలిపి ఒకే పైపు వేసి, అద్దెకు ఇచ్చే ఏర్పాటు లేకపోతే కష్టం.

ఆయన తప్పుకుంటే మనకేం నష్టం అంటారా? మీ వీధిలో ఇద్దరే మిగిలితే రేటు ఆ ఇద్దరే చెప్తారు. నెట్ పోతే పేరు పెట్టి పిలిచే మనిషికి బదులు యాప్‌లో టికెట్ నంబర్ వస్తుంది.

మీ ఊళ్లో లోకల్ నెట్ ఇంకా ఉందా? వాళ్లు ఎప్పుడు మొదలుపెట్టారో అడిగి కామెంట్‌లో రాయండి. ఈ హిస్టరీలో చాలా భాగం ఎక్కడా రాసి లేదు, ఆ నిచ్చెన ఎక్కినవాళ్ల దగ్గరే ఉంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.