ఏథెన్సు నగరపు బహుమాన కలశములు

ప్రాచీన గ్రీసు దేశమున ఒలింపియా క్రీడలలో గెలిచినవానికి ఆలివు కొమ్మల కిరీటమును, డెల్ఫీలో గెలిచినవానికి లారెలు ఆకుల కిరీటమును ఇచ్చుచుండిరి. ఆకులు వాడిపోయినవి. ఏథెన్సు నగరము మాత్రము తన నగరదేవత యైన ఎథీనా పేర జరుపు పానథెనేయ మహోత్సవమున విజేతలకు నూనె కుండల నిచ్చెడిది. నూనె వ్యయమైపోయినది, కుండలు మిగిలినవి. ఇరువదియైదు వందల యేండ్ల నాటి మల్లులను నేడు మన కన్నుల యెదుట నిలుపుచున్నవి ఆ మట్టిపాత్రలే.

నాలుగేండ్ల కొకసారి వచ్చు ఈ మహోత్సవము క్రీ.పూ. 566 ప్రాంతమున ఏర్పడినది. బహుమానపు కుండ రెండడుగుల యెత్తు గలది. 36 మొదలు 39 లీటర్ల వరకు నూనె పట్టును. ఒక వైపున శిరస్త్రాణము దాల్చి, డాలు పట్టి, బల్లెమెత్తి అడుగు వేయుచున్న ఎథీనా. ఆమె చెంత, ఇది ఏథెన్సు బహుమానములలోనిదని తెలుపు వ్రాత. రెండవ వైపున ఆ కుండ యే పందెమునకు చెందినదో ఆ పందెపు చిత్రము. 1813లో ఏథెన్సులో దొరకిన మిక్కిలి ప్రాచీనమైన కుండ యొకటి లండను బ్రిటిషు మ్యూజియములో గలదు.

ఎఱ్ఱని మట్టిపై నల్లని ఆకృతులను తీర్చి, కండరములను కనుఱెప్పలను మొనగల పనిముట్టుతో గీయుట ఆనాటి పద్ధతి. ఆ నలుపు వేఱు రంగు కాదు. మిక్కిలి మెత్తగా తేర్చిన మట్టియే ఆవమున కాలి అట్లగును. క్రీ.పూ. 525 ప్రాంతమున నేలను నలుపుచేసి బొమ్మలను ఎఱ్ఱగా విడుచు క్రొత్త పద్ధతి వచ్చెను. అయినను బహుమాన కలశములు మాత్రము పాత పద్ధతిని విడువలేదు. నగరపు ముద్ర వంటి దానిని మార్చుట వారికి సమ్మతము కాలేదు కాబోలు.

చిత్రకారుల చూపు మిక్కిలి నిశితమైనది. న్యూయార్కు మెట్రోపాలిటను మ్యూజియములో క్రీ.పూ. 530 నాటి కుండపై ఐదుగురు పరుగెత్తుచున్నారు. అది చిన్న దూరపు పరుగు. కావున చేతులు బారలు చాచి, తొడలు పైకెత్తి దూకుచున్నారు. పెద్ద దూరపు పరుగు చిత్రములలోనో, మోచేతులు మడిచి ప్రక్కలకు చేర్చి బలమును పొదుపు చేయుచుందురు. చదువురానివాడును చూచినంతనే పందెమేదో చెప్పగలడు. గడ్డము గలవాడు పురుషుడు, లేనివాడు యువకుడు.

గెలుపును మాత్రమే వారు చిత్రింపలేదు. ముక్కునుండి నెత్తురు కారు ముష్టియోధుడు గలడు. ఓడితినని చూపుడువ్రేలెత్తువాడు గలడు. క్రీ.పూ. 490, 480ల నడుమ చేసిన యొక పానపాత్రపై పోరాడు ఇరువురిలో నొకడు ఎదుటివాని కంటిలో వ్రేలు గ్రుచ్చుచున్నాడు. అది నిషిద్ధము. ప్రక్కనున్న తీర్పరి వానిని కొట్టుటకు బెత్తమెత్తినాడు. తప్పును దాచని చిత్రము గనుకనే ఒప్పును గూర్చి అది చెప్పినదియు నమ్మదగియున్నది.

ఒక కుండపై ఇంత శ్రద్ధ యేల? అందలి నూనె నగరపు ఆదాయము. అరిస్టాటిలు పేర నిలిచిన ఏథెన్సు రాజ్యాంగ గ్రంథము ఈజిప్టులో పపైరసుపై దొరకి 1891లో అచ్చయినది. అందీ లెక్క వివరముగా నున్నది. పవిత్రములైన ఆలివు చెట్లున్న భూమి గలవారు చెట్టొక్కింటికి ఒకటిన్నర కొటిలె, అనగా అరలీటరునకు లోపు, నూనె చెల్లింపవలెను. అట్టి చెట్టును నరికినవానికి పూర్వము మరణదండనము. ఆర్కనను అధికారి ఆ నూనెను వసూలుచేసి కోటలోని కోశాధికారులకు అప్పగింపవలెను. తన యేటి నూనె పూర్తిగా ముట్టచెప్పనిదే ఆతనికి అరియోపాగసు సభలో ప్రవేశము లేదు. ఉత్సవమునాడు కోశాధికారులు దానిని క్రీడానిర్వాహకులకు కొలిచి యిచ్చెదరు. వారు విజేతల కిచ్చెదరు.

క్రీ.పూ. నాలుగవ శతాబ్దపు తొలినాళ్ల శిలాశాసనము బహుమానముల పట్టికను తెలుపుచున్నది. బాలుర పరుగున మొదటివానికి 50 కుండలు, రెండవవానికి 10. రెండు గుఱ్ఱముల రథపు పందెమున 140, 40. అనగా రథపు విజేతకు అయిదువేల లీటర్లు దాటిన నూనె. ఇది అలంకారము కాదు, ఆస్తి. దానిని పరదేశములకు అమ్ముకొనుటకును విజేతకు హక్కుండెను. ఇటలీలోని ఎట్రస్కనుల సమాధులలో నెన్నో కలశములు బయల్పడినవి. 1959లో దక్షిణ ఇటలీలోని టారంటోలో బయల్పడిన మల్లుని సమాధిలోను ఇట్టి కలశములే యుండెను.

నాలుగవ శతాబ్దమున కుండపై ఆర్కను పేరు వ్రాయుట మొదలయ్యెను. అందుచే నేడు ఆ కుండల యేడు నిర్ణయింప వీలగుచున్నది. లెక్క అప్పగించిన అధికారి పేరు నిలిచినది. విజేత పేరు కలశముపై లేదు. చిత్రకారుని పేరును బహుశః కానరాదు. అయినను ఆ పేరులేని చేతి గీతలో పేరులేని వాని పరుగు ఆగక సాగుచున్నది. కిరీటములు పోయినవి, కంచు విగ్రహములలో పెక్కింటిని కరగించిరి. కరగించుటకు పనికిరాని మట్టి మాత్రము తనకు అప్పగించిన సాక్ష్యమును చెక్కుచెదరక నిలిపినది.