లక్ష మందికి ఒక నీడ: ఈ లెక్క ఎలా పుట్టింది?

నగరంలో ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మంది తలదాచుకునే శాశ్వత వసతి ఉండాలి. అది రోజుకు 24 గంటలూ, ఏడాదికి 365 రోజులూ తెరిచి ఉండాలి. లోపల ఒక్కో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు దక్కాలి. ఇల్లు లేనివాళ్ల విషయంలో మన దేశం ఒప్పుకున్న కొలత ఇది. ఈ మాట రాజ్యాంగంలో రాసి లేదు, పార్లమెంటు చేసిన చట్టంలోనూ లేదు. ముప్పై ఏళ్లకు పైగా కొందరు లాయర్లు, జడ్జీలు, హక్కుల కార్యకర్తలు కోర్టుల చుట్టూ తిరిగి దీన్ని ముక్కలు ముక్కలుగా సాధించారు. అందులో తెలుగువాళ్ల చెయ్యి కూడా ఉంది.

నిజాంపేటలో ఉండే మనకు ఈ కథ తప్పక తెలియాలి. బాచుపల్లి, ప్రగతినగర్, మియాపూర్‌ల చుట్టూ లేచిన అపార్టుమెంట్లను కట్టింది పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కూలీలు. మేస్త్రీ పని ఇచ్చినన్నాళ్లు సైటు దగ్గరే రేకుల షెడ్డు ఉంటుంది. పని అయిపోయిన రోజున ఆ షెడ్డూ పోతుంది. మళ్లీ పని దొరికేదాకా అడ్డా మీద పగలు, దుకాణాల అరుగుల మీద రాత్రి గడిపేవాళ్లు ఉన్నారు. వాళ్ల తరఫున కోర్టుకు వెళ్లే దారి ఒకప్పుడు మూసి ఉండేది.

ఆ మొదటి చిక్కు కోర్టు గుమ్మం దగ్గరే ఎదురయ్యేది. ఎవరికి నష్టం జరిగిందో వాళ్లే వచ్చి కేసు వేసుకోవాలన్నది పాత నియమం. ఇది మారడానికి 1979 నాటి ఒక పత్రికా కథనం దారి తీసింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే బిహార్ జైళ్లలో మగ్గుతున్నవాళ్ల గురించి కె.ఎఫ్. రుస్తంజీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాశారు. అది చదివిన కపిలా హింగోరాణి అనే మహిళా న్యాయవాది సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఖైదీల్లో ఎవరూ ఆమెకు వకాల్తా ఇవ్వలేదు. అయినా జస్టిస్ పి.ఎన్. భగవతి బెంచ్ విన్నది. హుసైనారా ఖాతూన్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యం వల్ల దాదాపు 40 వేల మంది విచారణ ఖైదీలు బయటపడ్డారని చెబుతారు. 1981 డిసెంబర్‌లో ఎస్.పి. గుప్తా కేసులో భగవతి ఈ దారిని మరింత వెడల్పు చేశారు. పేదరికం వల్లనో నిస్సహాయత వల్లనో కోర్టుకు రాలేనివాళ్ల పక్షాన సదుద్దేశంతో ఎవరైనా రావచ్చు, ఉత్తరం ముక్క రాసినా చాలు అన్నారు. మనం పిల్ అని పిలుచుకునే ప్రజా ప్రయోజన వ్యాజ్యం అలా నిలదొక్కుకుంది.

గుమ్మం తెరుచుకుంది. లోపలికి వెళ్లి ఏమని అడగాలి? ఆ సంగతి బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద తేలింది. 1981 జూలైలో, జోరువానల్లో, ఫుట్‌పాత్‌వాసులందర్నీ ఖాళీ చేయించి సొంత ఊళ్లకు పంపేస్తామని ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ప్రకటించారు. పిటిషనర్లలో ఒకాయన సేలం నుంచి వచ్చిన భూమిలేని కూలీ. రోజుకు 23 రూపాయల కూలి. హైవే పక్క ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ పట్టాలతో వేసిన గుడిసె కోసం 2,500 రూపాయలు సమర్పించుకుని భార్య, ముగ్గురు కూతుళ్లతో అందులో ఉండేవాడు. గుడిసె పడగొట్టి కుటుంబాన్ని సేలం బస్సెక్కించారు. ఊళ్లో పని లేదు కనుక తిరిగి వచ్చాడు. జర్నలిస్టు ఓల్గా టెలిస్ కూడా కోర్టుకెక్కారు. ఫుట్‌పాత్‌వాసుల తరఫున ఇందిరా జైసింగ్ వాదించారు. మనిషి పనికి దగ్గర్లో ఉంటేనే బతుకుతాడు, ఆ చోటు లాక్కుంటే బతుకుతెరువు లాక్కున్నట్టే అన్నది ఆ వాదన సారం.

1985 జూలై 10న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అందులో ఒకరు అనంతపురం జిల్లా గుత్తికి చెందిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. రాజ్యాంగంలోని 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా కలిసే ఉందని ధర్మాసనం ఒప్పుకుంది. కానీ ఫుట్‌పాత్ నడిచేవాళ్ల కోసమేననీ, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చనీ అదే తీర్పు చెప్పింది. వానాకాలం దాటేదాకా, అంటే అక్టోబర్ 31 వరకు మాత్రం గడువిచ్చింది. సూత్రం గెలిచింది, గుడిసె నిలవలేదు. ఈ పనిలోకి వచ్చే ప్రతి యువ న్యాయవాదీ ఈ తీర్పును రెండువైపులా చదవాలి. హక్కు ఉందని కోర్టు చేత చెప్పించడం సగం పనే. ఆ హక్కు కింద ఏమి దక్కాలో, ఎంత దక్కాలో, ఎప్పటిలోగా దక్కాలో చెప్పించేదాకా మిగతా సగం అలాగే ఉంటుంది.

మరో పదేళ్లకు ఇంకో తెలుగు న్యాయమూర్తి ఇంకో మెట్టు కట్టారు. 1995 డిసెంబర్‌లో చమేలీ సింగ్ కేసులో తీర్పు రాస్తూ జస్టిస్ కె. రామస్వామి నీడ పొందే హక్కును ప్రాథమిక హక్కుగా గుర్తించారు. నెత్తిన కప్పు ఒక్కటే ఉంటే చాలదన్నారు. గాలి, వెలుతురు, మంచినీళ్లు, కరెంటు, పారిశుధ్యం, రోడ్డు ఉన్న చోటే మనిషి మనిషిగా ఎదుగుతాడన్నారు. అయినా ఆ నీడ ఎంతమందికి, ఎక్కడ అన్న లెక్క ఇంకా రాలేదు.

ఆ లెక్క తిండి కేసు నుంచి వచ్చింది. ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం మూలుగుతుండగా రాజస్థాన్ కరువులో జనం ఆకలితో ఉన్నారంటూ 2001లో పౌరహక్కుల ప్రజాసంఘం, అంటే పీయూసీఎల్, సుప్రీంకోర్టుకు వెళ్లింది. కొలిన్ గొన్సాల్వెజ్ వాదించారు. అప్పుడు పీయూసీఎల్ జాతీయ అధ్యక్షుడు మన కె.జి. కన్నబిరాన్. తన ఆదేశాలు అమలవుతున్నాయో లేదో చూడడానికి కోర్టు కమిషనర్లను పెట్టింది. ఇదే అన్నిటికంటే పనికొచ్చిన ఏర్పాటు. 2009 డిసెంబర్‌లో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర ఒక తాత్కాలిక రాత్రి బసను తొలగించారు. ఎముకలు కొరికే చలిలో జనం రోడ్డున పడ్డారు. కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో కోర్టుకు లేఖ రాశారు. తిండి లేని ఒంటిని చలి తొందరగా చంపుతుంది కాబట్టి నీడ కూడా ఆకలి కేసులో భాగమేనని కోర్టు ఒప్పుకుంది. ముందు ఢిల్లీని ఆదేశించింది. ఆ తర్వాత దేశంలోని పెద్ద నగరాలన్నిటికీ లక్ష జనాభాకు ఒక షెల్టర్ అన్న కొలత పెట్టింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్నే మార్గదర్శకాల్లో రాసుకుని నిధులు కేటాయించింది. నిధులున్నా షెల్టర్లు లేవంటూ ప్రశాంత్ భూషణ్ వాదించిన ఇ.ఆర్. కుమార్ కేసులో 2016 నవంబర్ 11న సుప్రీంకోర్టు జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీని వేసి లెక్కలు తేల్చమంది.

ఆ మరుసటి ఏడాదే హైదరాబాద్‌కు పరీక్ష వచ్చింది. 2017 నవంబర్ 28న మియాపూర్‌లో ప్రధాని మెట్రో ప్రారంభించారు. అదే రోజు మాదాపూర్ హెచ్ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు మొదలైంది. అంతకు మూడు వారాల ముందు నగర పోలీసులు భిక్షాటనను నిషేధించారు. రోడ్ల మీది మనుషులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల దగ్గరి ఆనందాశ్రమాలకు తరలించారు. నీడ హక్కుగా వచ్చినప్పుడు మనిషి తన కాళ్ల మీద లోపలికి వస్తాడు, తనకు నచ్చినప్పుడు బయటికి వెళ్తాడు. వ్యాను ఎక్కించి తీసుకుపోయిన చోటును హక్కు అనలేం. ఢిల్లీలో అమలైన చట్టంలో భిక్షాటనను నేరం చేసే ముఖ్యమైన సెక్షన్లను 2018 ఆగస్టు 8న అక్కడి హైకోర్టు కొట్టేసింది. మన దగ్గర 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉంది. దాన్నీ అదే గీటురాయి మీద పెట్టి చూడాలి.

ఇప్పుడు ఈ పని రోజువారీగా ఎలా ఉంటుందో చూద్దాం. మన హైకోర్టులో దాఖలు చేసే ప్రతి అఫిడవిట్ పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసంతో మొదలవుతుంది. ఫ్లైఓవర్ కింద పడుకునే మనిషి కేసు ఆ చివరి గడి దగ్గరే ఆగిపోతుంది. నోటీసు ఎక్కడికి పంపాలి? ఖాళీ చేయిస్తే వాయిదా నాటికి ఆయన ఏ వంతెన కింద ఉంటాడు? అందుకే చిరునామా ఉన్న సంస్థో, పౌరుడో పిల్ వేస్తారు. లాయరు అర్ధరాత్రి కార్యకర్తలతో తిరిగి తలలు లెక్కపెడతారు. జనాభా ఎంత, షెల్టర్లు ఎన్ని, మంచాలు ఎన్ని, వచ్చిన నిధులు ఎన్ని, ఖర్చయినవి ఎన్ని అని సమాచార హక్కు చట్టం కింద అడుగుతారు. ఆ జవాబునూ, రాత్రి లెక్కనూ పక్కపక్కన పెడితే కేసు తయారవుతుంది. ప్రభుత్వం కౌంటర్ వేశాక, షెల్టర్‌లో నీళ్లు వస్తున్నాయా, ఆడవాళ్లకు వేరే గది ఉందా అని మళ్లీ వెళ్లి చూసి రావాలి.

షెల్టర్ వల్ల నిద్రతో పాటు గుర్తింపు కూడా వస్తుంది. ఆ చిరునామా మీద ఆధార్, బ్యాంకు ఖాతా తెచ్చుకోవచ్చు. ఓటు విషయంలో ఎన్నికల సంఘం మరో మెట్టు ముందుంది. ఇల్లు లేని మనిషి ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి ఆయన నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. అది తేలితే నివాసానికి వేరే రుజువు అడగకూడదు. ఫుట్‌పాత్‌ను చిరునామాగా గౌరవించిన నియమం ఇది. దీన్ని వాడుకోవడానికి కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు కూడా.

2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది ఫుట్‌పాత్‌లు, ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు తిరిగి దేశమంతటా 17.7 లక్షల మంది ఇల్లు లేనివాళ్లను లెక్కించారు. అప్పటికి గ్రామ పంచాయతీగా ఉన్న నిజాంపేట 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి మునిసిపల్ కార్పొరేషన్ అయింది. పన్నులూ పెరిగాయి, టవర్లూ పెరిగాయి. లక్షకో షెల్టర్ అన్న కొలత కూడా ఆ హోదాతో పాటే రావాల్సింది. కాబట్టి ఇక్కడి కాలనీ సంఘాలు, లా చదివే పిల్లలు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన లాయర్లు అడగాల్సింది సూటిగా ఉంది: మన జనాభాకు ఎన్ని షెల్టర్లు రావాలి, ఎన్ని ఉన్నాయి, మిగతావి ఏ తేదీకి వస్తాయి? ఒక సమాచార హక్కు దరఖాస్తుతో దీన్ని ఈ వారమే మొదలుపెట్టవచ్చు. జవాబు రాకపోతే, లేదా జవాబులో సున్నా ఉంటే, హైకోర్టు తలుపు ఎలా తట్టాలో 1979 నుంచి ఎందరో నడిచి చూపించారు.